పెరిగిన నాటి లడ్డూ

మా స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు ఈ మధ్య గంట కొట్టగానే ఫోన్ తీసి, పైకి పాకుతున్న పచ్చగీతను అందరి మొహాల ముందూ తిప్పుతున్నాడు. "షేర్లు ఎక్కడికి పోయినయ్యో చూశారా మేడమ్? దేశం బాగుపడిపోతంది!" టీ గ్లాసులు సర్దే సుబ్బమ్మ, నరసరావుపేట రైతుబజారులో సంచి సగం కూడా నింపుకోలేని మనిషి, ఆ గీతను చూసి మూతి తిప్పుకుంటుంది. ఆ మూతి విరుపు నాకు కొత్త కాదు. మా జేజి దగ్గర చూసిందే.

జేజి అంటే మా నాయన తల్లి, మస్తాన్‌బీ. మాచర్లలో శేషయ్య గారనే మిరపకాయల షావుకారు కళ్లంలో తొడిమలు తీసేది. బస్తాకింత అని కూలి. శివరాత్రి దాటి ఎండ ముదిరే రోజుల్లో, నాపరాళ్లు పరిచిన కళ్లమంతా ఎర్రగా మండుతుంటే, నలభై మంది ఆడవాళ్లు ముక్కులకు కొంగులు చుట్టుకుని వరసలుగా కూర్చునేవాళ్లు. బడి లేని రోజుల్లో నేను తొడిమల కుప్ప మీద దొర్లి, తుమ్మి, కళ్లు నలుపుకుని ఇంకా మండించుకుని, జేజి మూట విప్పితే జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిని, చింతగింజలతో వామనగుంటలు ఆడి, సాయంత్రం ఆమె చేతులకు ఆముదం రాసేదాన్ని. అయినా ఆ మంట తగ్గేది కాదు.

శేషయ్య గారికి షేర్ల పిచ్చి. గుంటూరు నుంచి ఫోన్ వచ్చి అవి పెరిగాయని తెలిస్తే, చొక్కా గుండీలు తెగేంతగా పొంగిపోయి మనిషికొక బూందీ లడ్డూ పంచేవాడు. "దేశం బాగుపడతందమ్మా, తినండి!" నేను ఎగబడేదాన్ని. జేజి మాత్రం, "బస్తాకి అర్ధరూపాయి పెంచగూడదా అయ్యా?" అనేది. ఆయనకు సరిగ్గా అప్పుడే చెవుడు వచ్చేది.

ఒక ఏడు ఆ షేర్లు కూలాయి. మూడు రోజులు మొహం చూపని మనిషి నాలుగో రోజు వచ్చి, బస్తాకు రూపాయి తగ్గిస్తున్నానన్నాడు.

జేజి లేచి నిలబడింది. "పెరిగిన నాడు లడ్డూతో సరిపెట్టావు. పడిన నాడు మా కూలి కోస్తావా? నీ జూదంలో మా వాటా ఏందయ్యా?"

ఆయన వినిపించుకోలేదు. ఆ మధ్యాహ్నమే సాగర్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. కాయంతా ఆరుబయట ఉంది. జేజి చేతులు దులుపుకుని గోడవార కూర్చుంది. ఆమె వెనకే ఒక్కొక్కరుగా అందరూ.

"మస్తాన్‌బీ! పట్టాలు కప్పండే! కాయ తడిసిపోద్ది!"

"గుంటూరుకి ఫోన్ జెయ్యండి షావుకారు గారూ. ఆ షేర్లోళ్లొచ్చి కప్పుతారు."

తొలి చినుకులు రాళ్ల మీద పడి ఆవిరవుతుంటే ఆయన గొంతు దిగింది. "పాత కూలే ఇస్తాలే, లేవండి."

"అర్ధరూపాయి ఎక్కువ."

"ఇస్తా తల్లీ!"

అప్పుడు లేచారు. అంత పరుగు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. కాయ తడవలేదు.

ఆయన మాట తప్పలేదు గానీ, ఆ వారమే జేజిని ఇక రావద్దన్నాడు. తర్వాత రెండేళ్లు ఆమె నడుం నొప్పితోనే లారీ ఎక్కి బొల్లాపల్లి దాకా మిరప కోతలకు పోయింది. నాకు మాత్రం లడ్డూ పోయిందనే ఏడుపు. "అంతా నీ వల్లే" అని ఒకసారి అరిచాను. జేజి కొట్టలేదు. "ఆ ముష్టికి నువ్వు గూడా అలవాటు పడ్డావటే!" అని మొహం తిప్పుకుంది. ఆ మాటకు నాకు సిగ్గేయడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ కళ్లం ఇప్పుడు ప్లాట్లయింది. కాయ కోల్డ్ స్టోరేజీలకు పోతోంది. తొడిమలు తీసే ఆడవాళ్లు తలా ఒక ఊరి నుంచి, ఒకరికొకరు తెలియకుండా, కూలీలను కుదిర్చే మేస్త్రీ పంపిన ఆటోల్లో అక్కడికి పోతున్నారు. మొన్న ఒకామెను అడిగాను, షావుకారు ఎవరని.

"ఏమో అక్కా, ఎవురో. రేటు మేస్త్రీకి ఫోన్లో వస్తది. ఈసారి తగ్గిందంట" అని ఆటో ఎక్కేసింది.

ఎందుకు తగ్గిందని నిలదీయడానికి వాళ్లకు ఎదురుగా ఒక మనిషంటూ లేడు.