లోపల పెట్టిన బొట్టు

మా కంప్యూటర్ మాస్టారు పోయారు. పొద్దున ఏడింటికి బాపట్ల నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నగారు ఇక లేరండి. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు. మీకు చెప్పాలనిపించింది" అంది. నేను రేపల్లెలో మా ఇంటి ముందు ఆఫీసుకి బయల్దేరుతూ స్కూటీ స్టాండు తీస్తున్నాను. ఫోన్ పెట్టేశాక స్టాండు వేశాను, తీశాను, మళ్లీ వేశాను. చేతులకి ఏం చేయాలో తోచలేదు.

మీలో చాలామందికి ఆయన తెలియరు. తెనాలిలో బట్టల కొట్టు మేడ మీద రెండు గదుల్లో కంప్యూటర్ నేర్పేవారు. ఇంటర్ అయ్యాక నేనక్కడే నేర్చుకున్నాను. తరవాత పిల్లలు రావడం తగ్గిపోతే అదే మేడ మీద పాత కంప్యూటర్లు బాగుచేస్తూ కూర్చున్నారు. కొత్తది కొనుక్కోమని ఎవరికీ చెప్పేవారు కాదు. "ఇంకో నాలుగేళ్లు లాగుతుందండి, ర్యామ్ పెంచుదాం" అనేవారు. ఆ మాటకే సగంమంది ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు.

ఏ డబ్బా విప్పబోయినా ముందు వెళ్లి కిటికీ ఊచని పట్టుకుని ఓ క్షణం నిలబడేవారు. ఒంట్లో ఉన్న కరెంటు ఇనుములోకి దిగిపోవాలని, లేకపోతే చిప్పులు పాడవుతాయని. మాకది తెలియక సార్ కిటికీకి దండం పెడుతున్నారని వెనక నవ్వుకునేవాళ్లం. ఆయనకి వినపడేది. "నవ్వండి, నవ్వండి. మీ చేత్తో ఒక బోర్డు కాలాక ఈ ఊచ విలువ తెలుస్తుంది" అనేవారు. ఇంకో మాట మరీ మరీ చెప్పేవారు: "ఒకేసారి రెండు మార్చకండమ్మా. దేనివల్ల చెడిందో తెలియకుండా బాగుపడితే, అది బాగుపడినట్టు కాదు."

నేను నేర్చుకున్నవాటిలో ఆ ఒక్కటి తప్ప అన్నీ ఒంటబట్టాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మాస్టారికి తప్ప ఎవరికీ తెలియకుండా మూడేళ్లు దాచాను. రేపల్లె అవతల రేవు దగ్గర పడవల సంఘం ఆఫీసులో నేను గుమస్తాని. వేటకి వెళ్లే ప్రతి పడవ పేరు, అందులో ఎవరెవరు ఎక్కారు, వైర్‌లెస్ సెట్ నంబరు ఎంత, అన్నీ రాసి పెట్టడం నా పని. అంతకుముందు పెద్ద పుస్తకంలో రాసేవాళ్లు. "కంప్యూటర్ ఉండగా పుస్తకం ఎందుకండి" అని మా సంఘం అధ్యక్షుడి దగ్గర డాబులు కొట్టి మానిపించింది నేనే. కంప్యూటర్ పాతది, నత్తనడక నడిచేది. మాస్టారు తెనాలి నుంచి వచ్చి పాత ర్యామ్ పక్కన రెండో ర్యామ్ బిగించి వెళ్లారు. దానికి పరుగొచ్చింది. నా డాబు ఇంకా పెరిగింది.

నెల తిరిగేసరికి దసరా వచ్చింది. మా రేవులో ఆ రోజు పడవ ముక్కుకి బొట్టు, ఇంజనుకి బొట్టు, వలకి బొట్టు. మరి మా కంప్యూటర్ ఏం పాపం చేసింది? పై డబ్బాకి పెడితే సరిపోయేది. దీనికి ప్రాణం లోపలుందని నాకు తెలుసు కదా, ఆ తెలివితేటలు ఊరుకోనిచ్చాయా? డబ్బా విప్పి, రెండు ర్యాములూ బయటికి తీసి, తడి కుంకుమ పెట్టి, మళ్లీ స్లాట్లలో గుచ్చాను. పైగా లోపల కూడా కాస్త చల్లాను.

వారానికి అది ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలైంది. ఆపి మళ్లీ వేస్తే పనిచేసేది. మాస్టారికి ఫోన్ చేస్తే బొట్టు సంగతి చెప్పాల్సొస్తుందని చేయలేదు.

ఇంకో పది రోజులకి వాయుగుండం అన్నారు. పొద్దున ఆఫీసు తీసేసరికి ఆకాశం నల్లగా దిగి ఉంది. వేటకి వెళ్లిన పడవల్ని వెంటనే వెనక్కి పిలవమని కబురొచ్చింది. నలభైకి పైగా పడవలు నీళ్ల మీదున్నాయి. నేను స్విచ్ వేశాను. తెర నల్లగానే ఉంది. డబ్బాలోంచి పొడుగ్గా ఒక కూత, ఆగి మళ్లీ ఒక కూత, ఆగి మళ్లీ. ర్యామ్ అందడం లేదని అది చెప్పే పద్ధతి. ఆ కూత తెనాలిలో పాఠంగా విన్నాను. పెన్‌డ్రైవులో ఉన్నది కిందటి నెల జాబితా.

అప్పటికే ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చేశారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఓ పాపా, మా పడవ ఇంజను చెడితే మా ఆయన వేరేవాళ్ల పడవెక్కాడు. ఎవరిది ఎక్కాడో నీతో రాయించాడంట. చూసి చెప్పమ్మా" అంది. రాసుకున్నాను. ఎవరి పడవో గుర్తు రావడం లేదు.

మాస్టారికి ఫోన్ చేశాను. అదృష్టం, ఆ రోజు ఆయన భట్టిప్రోలులో ఏదో కంప్యూటర్ చూడటానికి వచ్చి ఉన్నారు. "ఏంటమ్మా, ఎన్ని కూతలు? పొడుగా, పొట్టా?" అని అడిగి, "వస్తున్నా. ఇంక స్విచ్ ముట్టుకోకు" అన్నారు. వానలో ఆటో కట్టించుకుని గంటలో దిగారు.

ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అంత తొందరలోనూ చేతులు తుడుచుకుని, కిటికీ ఊచ పట్టుకునే ముందుకి వచ్చారు. అధ్యక్షుడు విసుక్కున్నారు. "అవతల ప్రాణాలు పోతుంటే ఈ దండాలేంటండి?" మాస్టారు అప్పటికే స్క్రూలు తీస్తున్నారు. డబ్బా విప్పి రెండు ర్యాములూ తీశారు. అంచుల మీద ఎర్రగా అట్టకట్టి ఉంది. స్లాటులోకి టార్చి వేసి చూశారు. తలెత్తి నా నుదుటికేసి ఒకసారి చూశారు. మళ్లీ తల దించుకున్నారు.

"ఇది రాకపోతే ఎట్లాగండి?" అని అడిగాను.

"హార్డ్ డిస్క్ తీసి తెనాలి పట్టుకెళ్లాలి. మూడు గంటలు. మూడు గంటలుందా మనకి?"

లేదు. గాలి అప్పటికే తలుపులు కొడుతోంది.

ఆయన పొడి బ్రష్షుతో స్లాటు గీరారు. రబ్బరుతో ర్యామ్ అంచు నెమ్మదిగా రుద్దారు. నేను వంగి ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఊదకు. నోటి తడి కూడా తడే." ఒక్క ర్యామ్ మొదటి స్లాటులో పెట్టి చూశారు. కూత. అదే తీసి రెండో స్లాటులో పెట్టారు. కూత. వెనకనుంచి ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. ఆయన చేతులు మాత్రం తొందరపడలేదు. ఆ ర్యామ్ పక్కన పెట్టి, రెండోదాన్ని మళ్లీ రుద్ది, స్లాటు మళ్లీ గీరి, రెండు బొటనవేళ్లతో నొక్కారు. స్విచ్ వేశారు.

పొట్టిగా ఒక్క కూత వచ్చి ఆగింది. తెర వెలిగింది.

"ముందు ప్రింట్ తియ్యి. ఇంక దేని జోలికీ పోకు" అన్నారు.

రెండు కాగితాలు బయటికొచ్చాయి. అధ్యక్షుడు వైర్‌లెస్ దగ్గర కూర్చుని ఒక్కో నంబరే పిలిచారు. ఆవిడ భర్త ఎక్కిన పడవ పేరు నేను గట్టిగా చదివితే, ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడింది. సాయంత్రానికి పడవలన్నీ ఏదో ఒక ఒడ్డు పట్టాయి. మనిషి నష్టం లేదు.

కానీ సాయంత్రం దాకా మాస్టారు అక్కడ లేరు. చివరి పడవ బదులు పలకగానే అధ్యక్షుడు ఇటు తిరిగారు. "ఇదెందుకు చెడింది? ఎవరు ముట్టుకున్నారు?" అన్నారు. ఆయన చూపు నా మీదే ఉంది. ఆ జీతం మీదే మా ఇల్లు నడుస్తోంది. నేను ప్రింట్ కాగితాలు సర్దుతూ ఉండిపోయాను.

"పోయిన నెల నేను బిగించిన ర్యామ్ అండి. సరిగ్గా కూర్చోబెట్టలేదు. తప్పు నాదే" అన్నారు మాస్టారు.

"ఇన్ని ప్రాణాలు మీ చేతుల్లో పెడితే ఇదా చేసేది? ఇంక మా గుమ్మం తొక్కకండి."

ఆయన సంచి సర్దుకుని, అధ్యక్షుడికి నమస్కారం పెట్టి, వానలోకి దిగిపోయారు. నేను గుమ్మం దాకా కూడా వెళ్లలేదు. పిరికిదాన్ని.

రెండు రోజుల తరవాత ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన తిట్టలేదు. "ముందు పుస్తకం మళ్లీ మొదలుపెట్టు. కంప్యూటర్ పక్కన పుస్తకం ఉండాలి" అన్నారు. ఆ తరవాత, "ఎప్పుడో ఒకప్పుడు ఆయనకి నిజం చెప్పమ్మా. నా కోసం కాదు. లేకపోతే ఇంకెవరో లోపల బొట్టు పెడతారు" అన్నారు. పుస్తకం ఆ రోజే మొదలుపెట్టాను. నిజం చెప్పడం మాత్రం రేపు, రేపు అంటూ మూడేళ్లు గడిపాను. ఈలోగా రేవు వెంబడి మాట పాకింది. ఐసు ఫ్యాక్టరీ వాళ్లు ఆయన్ని పిలవడం మానేశారు. మిగతా ఆఫీసులూ మానేశాయి. ఏడాదికి తెనాలి మేడ ఖాళీ చేసి బాపట్లలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. మోకాళ్ల నొప్పులని చెప్పారు. నేను నమ్మినట్టు ఊఁ కొట్టాను.

ఫోన్ వచ్చిన ఆ పొద్దున బాపట్ల బస్సెక్కే ముందు ఆఫీసుకి వెళ్లాను. అధ్యక్షుడు ఒక్కరే కూర్చుని పేపరు చూస్తున్నారు. నిలబడే అంతా చెప్పేశాను. కుంకుమ, దాచిన వారాలు, మాస్టారు తన మీద వేసుకున్న తప్పు. ఆయన పోయారని మాత్రం ఇంకా చెప్పలేదు. ఆ మాట ముందు చెబితే జాలిపడి క్షమిస్తారని, అలాంటి క్షమాపణ నాకు వద్దని అనిపించింది.

అధ్యక్షుడు కేకలేయలేదు. పేపరు మడిచి పక్కన పెట్టారు. "అంత పెద్దాయన్ని నేను గుమ్మం తొక్కొద్దన్నానా?" అన్నారు. జేబులోంచి ఫోన్ తీశారు. "నంబరు చెప్పమ్మా. ముందు ఆయనతో మాట్లాడాలి."

నాకది కంఠతా వచ్చు. ఆపండి అనాల్సింది, అనలేకపోయాను. ఒక్కో అంకే చెబుతుంటే ఆయన బొటనవేలితో జాగ్రత్తగా నొక్కుతున్నారు. తొమ్మిది చెప్పాను. పదోది చెప్పలేదు. ఆయన వేలు ఫోను మీద అలాగే ఉంచి, "ఊఁ, చెప్పమ్మా" అంటూ నాకేసి చూస్తున్నారు.