రెంటికీ చెడ్డ టైర్లు

రెండు టైర్లు ఎంచుకోవడంలో చేసిన పొరపాటుకు ఒక మనిషి ఒక్క పూటలో లారీ కింద పడబోయి, ఏట్లో కొట్టుకుపోబోయి, చివరికి అత్తగారి ఊరంతా చూస్తుండగా ఒంటికాలి బూటుతో నిలబడాల్సి వస్తుందా అని మీరు అడగవచ్చు. వస్తుంది. నాకు వచ్చింది. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. నేను మాత్రం కూర్చునే చెబుతాను.

అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. కర్నూల్లో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ని. ఇంటి నుంచి కాలేజీకి మూడు కిలోమీటర్లు. ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన పర్వతం కాలేజీ గేటు ముందరి స్పీడు బ్రేకరు. దాన్ని జయించడానికి నేను ఒక అడ్వెంచర్ బైకు కొన్నాను. ఒంటెలాగా ఎత్తుగా ఉండేది. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడినప్పుడల్లా కాళ్లు నేలకు అందక, పక్కనున్న ఆటోను పట్టుకుని నిలబడేవాణ్ని.

బండి కొన్నాక ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. మంచుకొండలు, బురద, బండరాళ్లు. వాటిమీద గడ్డాలు పెంచిన మగాళ్లు ఎగిరెగిరి పోతుంటారు. మూడు నెలలు చూశాక నాకు ఒక సంగతి తేలిపోయింది. నాకు గడ్డం సరిగా రాదు కాబట్టి, టైర్లయినా మార్చాలి.

నంద్యాల రోడ్డులో టైర్ల షాపు నడిపే ఖాజా భాయ్ దగ్గరికి వెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా ఆ పనిలో ఉన్న మనిషి. టైరును వేలితో తట్టి దాని వయసు చెప్పగలడు.

"ఏమప్పా సార్, ఎట్లాంటి టైర్లు కావల్ల?"

"గుట్టలెక్కేవి కావల్ల భాయ్."

"యా గుట్టలు?"

"ఏవైనా."

ఆయన మూడు రకాలు తెచ్చి నా ముందు పరిచాడు. మొదటిది మామూలు రోడ్డు టైరు. రెండోది రోడ్డుకూ మట్టికీ మధ్యరకం. మూడోదాన్ని చూడగానే నా గుండె లయ తప్పింది. ఒళ్లంతా బొడిపెలు. ఎవరో సీతాఫలాన్ని బండి చక్రమంత పెంచి, నల్లరంగు పూసినట్టుంది.

"ఇది" అన్నాను.

ఖాజా భాయ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "సార్, రోజూ యాడికి పోతావు?"

"కాలేజీకి."

"మీ కాలేజీలో కొండ ఉండాదా?"

"ప్రిన్సిపాల్ ఉండాడు."

ఆయన నవ్వలేదు. "ఇను. నువ్వు తిరిగేదంతా తారురోడ్డే. ఈ నడిమిది నీకు సరిపోతాది. ఈ బొడిపెలది తారు మీద బొడిపెల కొసలతోనే నిలబడతాది. వాన పడితే సబ్బు మీద నిలబడినట్లే. మల్ల నువ్వు చూపించేది నీ బండి సైజుకు ఒక నంబరు పెద్దది. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్యన వేలు దూరే సందు గూడా ఉండదు. మట్టి ఎక్కితే అది యాడికి పోవల్ల?"

"మట్టిని చీల్చుకొని పోతాది భాయ్. నేను వీడియోలో చూసినా."

మందు మింగనని మొండికేసిన రోగిని వైద్యుడు చూసినట్టు నన్ను చూసి, "సరే. పైన అల్లా ఉండాడు" అని స్పానర్ అందుకున్నాడు.

వారం రోజులు నేను కర్నూలు వీధుల్లో రాజులా తిరిగాను. ఆ టైర్లు తారు మీద 'ఊఁ' అని పెద్దగా మూలిగేవి. అది బలం అనుకున్నాను. భయం అని తర్వాత తెలిసింది.

మా అత్తగారు ఈశ్వరమ్మ కంటి పరీక్షకని మా ఇంటికి వచ్చి ఉంది. కోవెలకుంట్ల వైపు ఒక పల్లె ఆమెది. మామ పోయిన తర్వాత పదేళ్లు తానే ట్రాక్టర్ నడిపి నల్లరేగడి సేద్యం చేసిన మనిషి. రెండు రోజులుగా ముసురు పట్టి ఉంది. ఆ పొద్దున ఏడు గంటలకు ఆమెకు ఊరి నుంచి ఫోను వచ్చింది. చేసింది ఆమె మరిది నర్సింహులు. ఇద్దరి చేలకూ ఒకటే గట్టు.

"వదినా, పదకొండుకు సర్వేవాళ్లు మన చేలకాడికి వస్తాండారంట. వానలో నువ్వేం వస్తావులే. నేను చూసుకుంటా."

అత్త ఫోను పెట్టేసింది. "వాడు చూసుకుంటే నాకు గట్టు మాత్రమే మిగులుతాది" అంది. పోయిన ఏడాది నుంచే హద్దురాళ్లు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయట. అది ఆమె పదేళ్ల చెమట. కానీ పోయేదెట్లా? ఊరి దగ్గర కల్వర్టు కుంగి బస్సులు ఆగిపోయాయి. ఆటోవాళ్లు రామన్నారు.

అప్పుడు నా నోరు, నన్ను అడగకుండానే, తెరుచుకుంది. "నేనుండాను గదత్తా. ఇట్లాంటి దారుల కోసమే నా టైర్లు."

నా భార్య సుజాత వంటింట్లోంచి వచ్చి హెల్మెట్ నా చేతిలో పెట్టింది. "నాకు అమ్మ ఒక్కతే ఉండాది" అంది మెల్లగా. తనకు నేను ఎంతమంది ఉన్నానో మాత్రం చెప్పలేదు.

అత్త అరుగు మీద నుంచి బండెక్కి, ట్రాక్టర్ సీటు మీద కూర్చున్నట్టు రెండు కాళ్లూ అటూ ఇటూ వేసి, చీర బిగించి కూర్చుంది. బయలుదేరాం.

నంద్యాల దాటి కోవెలకుంట్ల దారి పట్టేదాకా అంతా బాగానే ఉంది. తర్వాత తుంపర మొదలైంది. ఒక మలుపులో ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. నేను బ్రేకు నొక్కాను. బ్రేకు పడింది. చక్రం ఆగింది. బండి మాత్రం ఆగలేదు. ఈ మూడూ ఒకటే అని అప్పటిదాకా అనుకునేవాణ్ని. బండి వెనకభాగం కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి, పెళ్లిలో తాగి ఆడేవాడిలా ఊగింది. లారీ వెనుక కట్టిన దిష్టిబొమ్మ నోరు తెరుచుకుని నా మీదికి వస్తోంది. దాని పళ్లు లెక్కపెట్టగలిగినంత దగ్గరకు వచ్చాక ఆగాం. నా ఒంట్లో ఒక్క ఎముక కూడా దాని చోట ఉన్నట్టు అనిపించలేదు.

వెనుక నుంచి నిదానంగా మాట వినబడింది. "జారెనా, నాయనా?"

"కొంచెం తడి, అత్తా."

"ఇవి దుక్కి టైర్లు గదా. ట్రాక్టర్‌కు గూడా తారు మీద ఇట్లనే జారతాయి. ఎవరు తగిలించిరి నీకు?"

"నేనే ఎంచుకుంటి."

"ఊఁ" అంది ఆమె. అంత చిన్న అక్షరంలో అంత పెద్ద అభిప్రాయం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్ల వేగం దాటలేదు. సైకిల్ మీద గడ్డిమోపు పెట్టుకున్న ఒక ముసలాయన మమ్మల్ని దాటిపోతూ, "బండి చెడిపోయిందా అప్పా?" అని జాలిగా అడిగాడు.

కుంగిన కల్వర్టును తప్పించి, అడ్డదారిన పది గంటలకు చప్టా దగ్గరికి చేరాం. కుందూ నదిలో కలిసే వంక మీద ఊరివాళ్లు దాటడానికి వేసిన సిమెంటు దారి అది. దానిమీద చీలమండలోతు నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. అటూ ఇటూ గోడ లేదు. కింది పక్క నీళ్లు గుంతలో పడి సుడి తిరుగుతున్నాయి. నేను బండి ఆపాను. నాకు ఈత రాదని చెప్పడానికి అది సరైన సమయమో కాదో తేల్చుకోలేకపోయాను.

"అత్తా, ఎనక్కి పోదామా?"

ఆమె అప్పటికే దిగి, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, తుమ్మకొమ్మ ఒకటి విరిచింది. "నాచు పట్టుంటాది. నేను ముందు నడుచ్చా. నా అడుగుల్లోనే రా. నీళ్ల పక్క సూడొద్దు, నా ఈపు సూడు."

ఆమె కొమ్మతో పొడిచి చూస్తూ నడిచింది. నేను మొదటి గేరులో, రెండు కాళ్ల కొసలూ నీళ్లలో ఈడ్చుకుంటూ, ఆమె ఆకుపచ్చ జాకెట్టునే చూస్తూ వెనక వెళ్లాను. దేవుణ్ని కూడా ఎప్పుడూ అంత ఏకాగ్రతతో చూడలేదు. సగం దూరం వచ్చాక ముందు చక్రం నాచు మీదికి ఎక్కింది. ఆ భయంకరమైన బొడిపెలు, కొండలు చీల్చవలసినవి, వెన్నముద్ద మీద గోళీల్లా జారాయి. బండి మెల్లగా, ఎంతో మర్యాదగా, అంచు వైపు నడవడం మొదలుపెట్టింది.

"అత్తా, పోతాండా."

"యాడికి పోతాండావు?"

"కిందికి."

ఆమె వెనక్కి తిరిగి రెండంగల్లో వచ్చి హ్యాండిల్ పట్టుకుంది. ముక్కుతాడు పట్టి మొండి ఎద్దును లాగినట్టు ఒక్క గుంజు గుంజింది. అంచుకు జానెడు దూరంలో చక్రం ఆగింది. నా ఎడమకాలు అంచు అవతల ఖాళీని తొక్కుతోంది. "ఇంజను ఆపొద్దు. నా మొగం సూడు. ఇట్ల రా" అంది. వచ్చాను. అవతలి గట్టున బండి దిగి ఒక రాయి మీద కూలబడ్డాను. ఆమె చెంగుతో నా మొహం తుడిచింది. పెళ్లయిన నాలుగేళ్లలో అది మొదటిసారి. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. వాన పడుతోంది కాబట్టి ఆమెకు తెలియలేదనే అనుకుంటున్నాను.

ఇక మిగిలింది ఒక కిలోమీటరు బండిదారి. అచ్చమైన రేగడి. ఇదిగో, ఈ టైర్లు పుట్టిందే దీనికోసం అని నాకు మళ్లీ ప్రాణం లేచివచ్చింది. "ఇప్పుడు సూడండత్తా" అన్నాను. ఈ మాట ఎందుకు అన్నానో నా శత్రువుకు కూడా చెప్పలేను.

ఇరవై గజాలు బ్రహ్మాండంగా వెళ్లింది. రేగడి అంటే మీకు తెలుసు, తడిస్తే అది మట్టి కాదు, బంకపిండి. బొడిపెల మధ్య దూరింది. దూరినదల్లా చక్రంతో పాటు పైకి తిరిగింది. పైన మడ్‌గార్డు దగ్గర సందు లేదు. ముందు చక్రం కుమ్మరి సారె మీద కుండలా గుండ్రంగా, నున్నగా తయారై, గట్టిగా బిగుసుకుపోయింది. తారు మీద జారింది, బురదలో కదల్లేదు. మన పెద్దలు రెంటికీ చెడ్డ రేవడి అన్నారు. వాళ్లకు నా బండి గురించి తెలిసి ఉంటే రెంటికీ చెడ్డ రేగడి అనేవాళ్లు.

తుమ్మకొమ్మతో ఆమె, ఇంటి తాళంచెవితో నేను, బురద గీరాం. పది గజాలు నడిచింది. మళ్లీ బిగుసుకుంది. మళ్లీ గీరాం. పదకొండు కావస్తోంది. చేల మధ్య దూరంగా గొడుగులు కనబడ్డాయి, సర్వే చూడటానికి ఊరంతా వచ్చినట్టుంది. నర్సింహులు చేయెత్తి దేన్నో చూపిస్తున్నాడు.

"సూపిస్తాండాడు" అంది అత్త. మొదటిసారి ఆమె గొంతు వణికింది. ఆ వణుకు విన్నాక నా భయం నాకు సిగ్గుగా అనిపించింది. కళ్లు మూసుకుని యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాను. బండి ఒక్కసారి పెద్దగా అరిచి, చేను అంచుకు ఎక్కి, ఇరుసుల దాకా దిగబడి నిలిచిపోయింది. స్టాండు వేయలేదు. అవసరం రాలేదు. నాటినట్టు నిలబడింది.

"ఇడిసిపెట్టు. నడుచ్చాం" అని అత్త ముందు పరిగెత్తింది. నేను వెనక పరిగెత్తాను. నాలుగో అడుగులో నా కుడికాలు వచ్చింది, బూటు రాలేదు.

"వదినా, వానలో ఏంటికొస్తివి?" అన్నాడు నర్సింహులు. మొహం మాత్రం తడి లేకుండా ఎండిపోయింది. "హద్దురాళ్లు నీళ్లకు కొట్టుకపోయినాయి. నేను వీళ్లకు గట్టు చూపిస్తాండా."

"నీళ్లకు చేతులుండాయా మరిదీ?" అంది అత్త.

సర్వే చేయడానికి వచ్చిన అమ్మాయి చేతిలో పొడుగాటి కర్రకు బిగించిన మిషన్ ఉంది. "రాళ్లతో పని లేదమ్మా. హద్దు ఎక్కడో ఈ మిషనే చెబుతాది" అని దాన్ని ఒక్కొక్క చోటే ఆనిస్తూ నడిచింది. అత్త ఊపిరి బిగబట్టి వెంట నడిచింది. హద్దు గీత నర్సింహులు చూపించిన చోటికి రాలేదు. అతని జొన్న మొలకల్లోకి ఆరడుగులు దూరి, నేరుగా పోయి పోయి, నా బండి దగ్గర ఆగింది. దగ్గర కాదు, సరిగ్గా బండి మధ్యలో. వెనక చక్రం మా అత్త చేలో, ముందు చక్రం నర్సింహులు చేలో.

"బండి తీయండి సార్, గుర్తు పెట్టల్ల" అంది ఆ అమ్మాయి.

నలుగురం పట్టి లాగాం. ఊగను కూడా ఊగలేదు.

ఆరడుగులు పోయిన కోపం నర్సింహులుకు ఎక్కడో చూపించాలి. "నా చేన్లో నిలిచింది నాది. ముందు చక్రం నేనియ్యను" అన్నాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఊరి తగాదాలు ఎలా మొదలవుతాయో నేను విన్నాను.

అత్త అతన్నీ, బండినీ, ఒంటికాలి బూటుతో నిలబడ్డ నన్నూ మార్చి మార్చి చూసింది. "పెట్టుకో మరిదీ. ఆ టైరును యాడికైనా తీసుకపోయేటోడు ఇంతవరకూ పుట్టల్యా."

మొదట నవ్వింది నర్సింహులే. మరుసటి రోజు తన ట్రాక్టర్‌తో బండిని బయటికి లాగిందీ అతనే. ఆ గుంతలోనే కొత్త హద్దురాయి పాతారు. ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరిని అడిగినా దాన్ని 'అల్లుని రాయి' అంటారు. నన్ను చూపించడానికి పిల్లల్ని తీసుకొస్తారు.

అందుచేత పాఠకులారా, లేచి తూర్పు ముఖంగా నిలబడి, పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా నీరూ మట్టీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పోయే దారిని చూడకుండా టైరును ఎంచుకోను. వానాకాలంలో ఎవరికీ ధైర్యం చెప్పను. అత్తగారికైతే అసలే చెప్పను. చెప్పినా నమ్మదు, బండెక్కే ముందు ఆమె ఇప్పుడు వంగి టైర్లు చూస్తుంది.