పొగగొట్టంలో మసి

అరవయ్యో దశకం చివర్లో భావనపాడుకు మరబోట్లు కొత్త. తెరచాప పడవల మీద పెరిగిన మాకు ఇంజను చప్పుడే ఒక వింత. మా బోటు నడిపే డ్రైవరు మా బావ, మా అప్ప మొగుడు. అక్కను మేం అప్ప అనే పిలుస్తాం. నేను అదే బోటులో వల లాగేవాణ్ణి.

ఆ ఇంజనుతో ఒక చిక్కుండేది. వల వేసి రోజంతా నెమ్మదిగా నడిపితే డీజిలు సరిగా కాలక, జిడ్డు మసి పొగగొట్టం లోపల పేరుకుపోయేది. తరవాత ఒక్కసారిగా జోరు పెంచితే ఆ మసే రాజుకుని రవ్వలు లేచేవి.

"ఒక్క పూట బోటు ఆపితే గొట్టం ఇప్పి గీకేత్తాను బాబూ," అని బావ యజమానిని అడుగుతూనే ఉన్నాడు.

రొయ్యలు పడే రోజులవి. "ముసురు పట్టినప్పుడు గీకుదువులే," అన్నాడు యజమాని.

ఆ మధ్యాహ్నం గాలి తిరిగింది. పోటు నీరు తీసేలోగా, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి లోపలికి చేరాలని బావ జోరు పెంచాడు. కాసేపటికే గొట్టం ఎర్రబడింది. రవ్వలు బోటు మీది తాటాకు పందిరి మీదా, ఎండిన వలల మీదా రాలాయి. బావ ఇంజను ఆపేసినా గొట్టం లోపలి మంట ఆగలేదు. మేం బకెట్లతో సముద్రాన్ని తోడి పోస్తుండగానే మండుతున్న పందిరి కూలి డీజిలు డ్రమ్ము పక్కన పడింది.

"తప్పుకోండ్రా!" అని అరిచి, బావ డ్రమ్మును కావలించుకుని నీళ్లలోకి దొర్లించేశాడు. దాని మీద కారి ఉన్న డీజిలు అతని ఒంటికి పూసుకుని భగ్గున అంటుకుంది. నీళ్లు కుమ్మరించి ఆర్పాం. బోటు దక్కింది. మిగతావాళ్లం బతికాం.

ఒడ్డుకు చేరాక, శ్రీకాకుళం ఆసుపత్రికి రైలెక్కిద్దామని, అరిటాకుల మీద పడుకోబెట్టి ఎడ్లబండిలో కోటబొమ్మాళి స్టేషనుకు తీసుకెళ్లాం. దారి పొడుగునా అప్ప అతని పెదవులు తడుపుతూనే ఉంది.

"మంటగా ఉన్నాదా?"

"లేదే. సలిగా ఉన్నాది."

రైలు రాకముందే, ప్లాట్‌ఫారం మీదే పోయాడు.

దినాలయ్యాక బోటుకు కొత్త పందిరి వేశారు. కొత్త డ్రైవరు వచ్చాడు. బయలుదేరే వేళకు అప్ప ఒడ్డుకు వచ్చి బోటుకు అడ్డంగా నిలబడింది.

"గొట్టం ఇప్పండి. లోపల సూసినాకే ఎళ్దురు."

"ఇంజను గురించి నీకేటి తెల్సు?" అన్నాడు డ్రైవరు.

"ఇంజను తెల్దు. నా మొగుణ్ణి తినేసిన మసి తెల్సు."

యజమాని మొహం తిప్పుకున్నాడు. నేను రెంచి తీసుకుని గొట్టం విప్పాను. గీకితే తట్టెడు నల్లపెచ్చులు రాలాయి. అప్ప వాటి వంక చూస్తూ నిలబడింది. ఏడవలేదు.

రవ్వలు బయటికి రాకుండా కమ్మరి చేత గొట్టం చివర ఇనపజల్లెడ పెట్టించాం. అది మసితో మూసుకుపోతే ఇంజను ఆగిపోయేది. డ్రైవరు తిట్టుకుంటూ పీకేసేవాడు. నేను శుభ్రం చేసి మళ్లీ బిగించేవాణ్ణి.

తరవాత యజమాని ఆ బోటును ఒరిస్సా వాళ్లకు అమ్మేశాడు. కొన్నాళ్లకు అటు నుంచి వచ్చిన ఎండుచేపల బేరగాడు, అది నడిసముద్రంలో తగలబడిపోయిందని చెప్పాడు. అప్పుడు అప్ప సంతకు బయలుదేరుతోంది.

"మనుషులు దక్కారేటి?" అని నన్ను అడిగింది.

"అతనికీ తెల్దంటప్పా."

గంప నెత్తిన పెట్టుకుని కొంత దూరం నడిచింది. గంప దించి ఇసకలో కూలబడింది. ఆ రోజు సంతకు వెళ్లలేదు.