బుధు చెవిని పడ్డ రేసు కారు

బుధు సాలూరు బస్సులో క్లీనరుగా చేరేసరికి అతనికి ముప్పయ్యేళ్లు దాటాయి. అంతకుముందు సంతకెళ్లే చింతపండు బళ్లకు ఇరుసుల్లో కందెన పెట్టేవాడు. పాచిపెంట పైన కొండల్లో అతని ఊరు. రాగులు పండే కాస్త చోడి చేను, చిన్నమ్మి అనే నోరున్న పెళ్లాం. అంతే సంసారం.

మోటారు పని అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. బస్సు డ్రైవరు భాస్కరరావుకి ఎడమ చెవి వినపడదు. కొండదారిలో ఘాటీ ఎక్కుతుంటే మలుపు మలుపుకీ "ఏటిరా బుధూ, ఏదైనా సప్పుడు వత్తందా?" అని కేకేసేవాడు. బుధు తనకు తోచింది చెప్పేవాడు. బండాపి ఇద్దరూ బానెట్టెత్తి చూసేవారు. మొదట్లో అన్నీ తప్పులే. నాలుగేళ్లకు తప్పు చెప్పడం అరుదైపోయింది.

పందొమ్మిదివందల ఇరవయ్యేడు వేసవిలో సాలూరు చింతపండు వర్తకుడు వరహాలరావు ఒక రేసు కారు మీద మనసు పడ్డాడు. ఎర్రగా, పొట్టిగా ఉంటుంది. రెండే సీట్లు. ఒక జమీందారు గారి మేనల్లుడు లక్ష్మణరావుది. చెన్నపట్నం నుంచి తెచ్చుకుని రెండేళ్లు నడిపి ఇప్పుడు అమ్మేస్తానంటున్నాడు. వరహాలరావు, ఇంజను చప్పుడు విని చెప్పడానికి బుధుని వెంటబెట్టుకుని ఘాటీ కింద ఉన్న లక్ష్మణరావు బంగళాకి వెళ్లాడు.

బుధు బండి దగ్గరికి వెళ్లగానే బానెట్టు మీద చెయ్యి పెట్టాడు.

"బాబూ, ఇంజను ఏడిగా ఉంది. ఇప్పుడే ఎవరో నడిపి ఆపీసినారు. సల్లారేక ఇందాం."

లక్ష్మణరావు మొహం ఆ కారులాగే ఎర్రబడింది. లోపలికెళ్లి పనసపండు కోయించాడు. ముగ్గురూ వరండాలో కూర్చుని తొనలు తింటూ మధ్యాహ్నం దాకా గడిపారు.

చల్లారిన ఇంజనుకి హ్యాండిలు వేసి తిప్పగానే లోపల్నుంచి దబ్ దబ్‌మని మోత మొదలైంది. వరహాలరావు రెండడుగులు వెనక్కి వేశాడు. లక్ష్మణరావు తలొంచుకున్నాడు.

"నిజమే చెప్తాను. ఇంజను లోపల బేరింగు పోయిందని పట్నం మేస్త్రీ చెప్పాడు. ఈ మోత విని మా ఆవిడ కమల బండెక్కనంది. అందుకే అమ్మేద్దామనుకున్నాను. వేడెక్కితే కాస్త తగ్గుతుందని పొద్దున్నే తిప్పాను. తప్పే."

బుధు ఆ మాటలు సగమే విన్నాడు. బోలు వెదురుముక్క తెచ్చి ఒక కొస ఇంజనుకి, ఇంకో కొస చెవికి ఆనించి చోటు చోటూ విన్నాడు. తర్వాత చెక్కపిడి స్క్రూడ్రైవరుతో నాలుగు ప్లగ్గులనూ ఒక్కొక్కటిగా కరెంటు అందకుండా ఆపి చూశాడు. ఏది ఆపినా మోతలో మార్పు లేదు.

"బేరింగు పోతే ఏదో ఒక ప్లగ్గు ఆపినప్పుడు సప్పుడు తగ్గాలి బాబూ. ఇది లోపలిది కాదు."

నేలమీద పడుకుని బండి కిందకి దూరాడు. ఇంజను చట్రం మీద ఆనే కాలి కింద గునపం పెట్టి గట్టిగా ఎత్తి పట్టాడు. మోత ఆగిపోయింది! ఇంజనుని చట్రానికి పట్టి ఉంచే బోల్టు నూనె, దుమ్ము అట్టకట్టిన చోట వదులై ఉంది. బుధు రెంచీతో నాలుగు చుట్లు బిగించి, మసి మొహంతో పైకొచ్చాడు. ఇంజను మెత్తగా గుర్రుమంటోంది.

లక్ష్మణరావు బుధుని అమాంతం కౌగలించుకున్నాడు. తెల్ల లాల్చీ నల్లబడినా పట్టించుకోలేదు. "కమలా, ఒకసారి ఇలా రా! బండి బాగైపోయింది!" అని ఇల్లెగిరిపోయేలా కేకేశాడు. ఆమె వచ్చి విని, తల పక్కకి వంచి మళ్లీ విని, నవ్వేసింది. ఇక అమ్మేదేముంది?

వరహాలరావు గొల్లుమన్నాడు. "ఒరే, నిన్ను తెచ్చింది బేరం కుదర్చడానికా, చెడగొట్టడానికా?"

"ఏటి సప్పుడో సెప్పమన్నారు బాబూ, సెప్పినాను."

లక్ష్మణరావుకి జాలేసింది. "పోనీ, ఒకసారి నడిపి చూడండి" అని వరహాలరావుని పక్కన కూర్చోబెట్టుకుని ఘాటీ మీదకి తీసుకెళ్లాడు. దిగేటప్పుడు స్టీరింగు ఆయన చేతికిచ్చాడు. గంట తర్వాత బండి తిరిగొచ్చింది. వరహాలరావు దిగబోయి ఫుట్‌బోర్డు మీదే కూలబడ్డాడు.

"ఆ మలుపులూ, ఆ లోయా! నాకీ కారొద్దు, మహాప్రభో" అన్నాడు. ముందు లక్ష్మణరావు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు, చివరికి ఆయనా నవ్వాడు.

నెల తిరక్కుండా వరహాలరావు, బుధు ఇంజను విని సరేనన్నాకే, ఒక పాత లారీ కొన్నాడు. దానికి డ్రైవరు బుధే. చింతపండు దించేసి ఖాళీగా కొండెక్కే రోజున చిన్నమ్మిని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. మొదటి మలుపులో ఆమె కళ్లు మూసుకుంది. రెండో మలుపులో తెరిచింది. మూడో మలుపు దాటాక మొగుడి భుజం మీద ఒక్కటి చరిచి అరిచింది:

"ఇంతేనేటి? ఇంకా బేగి పోనీ!"