గోడ తాగగా మిగిలినవి

ముదిగుబ్బ దగ్గర మా ఊళ్లో పైకప్పు కూలిన పాత చర్చిని బాగుచేసి పాటలకూ నాటకాలకూ వేదికగా మారుస్తున్నాం. కమిటీలో నేనూ ఉన్నాను. కొత్తగా పూసిన సున్నం ఎండకు పగలకూడదని బేల్దారులు గోడలకు గోనెపట్టాలు కట్టి రోజంతా తడుపుతున్నారు.

ఈ రోజు నేను వెళ్లేసరికి ఒక అవ్వ గోడ మొదట్లో బిందె పెట్టి, పట్టాల నుంచి కారే నీళ్లు పడుతోంది.

“అవ్వా, అవి సున్నం నీళ్లు. తాగొద్దు” అన్నాను.

“తాగేదానికి కాదులేప్పా, బోకులు తోముకునేదానికి. గోడకు దినామూ ట్యాంకరు వస్తాండాది. మాకు వారానికొకతూరి గదా!”

ప్రారంభోత్సవం రోజున వాన పాటలు పాడించాలని అనుకున్నాం. ఆ ఆలోచన నాదే. ఇప్పుడు ఆ అవ్వను ఏ ముఖం పెట్టుకుని పిలవాలో మీరే చెప్పండి.