మ్యూజియంలో మోగిన పలక

మా తోడికోడలు సుజాత హైదరాబాదులో ఉంటుంది. ఫోను చేస్తే చాలు, వాళ్ళింటి దగ్గర కోట ఉందని, మ్యూజియం ఉందని ఒకటే చెప్పేది. మార్కాపురంలో రాతి పలకలకు చుట్టూ చెక్కలు బిగించుకునే నాకు కడుపు మండిపోయేది.

పోయిన వేసవిలో నేను వెళితే ఆ మ్యూజియానికే తీసుకెళ్ళింది. "ఇట్లాంటివి మన ఊర్లో యాడ చూస్తావక్కా?" అంది. పాతకాలం బడి గదిలో, కట్టిన తాడుకు అవతల, బల్ల మీద ఒక పలక కనిపించింది. అలవాటుగా చెయ్యి చాచి, వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాను. గార్డు కేకేస్తూ పరుగెత్తుకొచ్చాడు. అందరూ నన్నే చూస్తుంటే తల కొట్టేసినట్టయింది. సుజాత నన్నెరగనట్టు పక్కకు జరిగింది.

"లోపల పగులుందయ్యా. మంచి పలకైతే ఖంగుమంటాది. ఇరవై ఏండ్లుగా ఇట్లా కొట్టి చూసే చెక్క బిగిస్తున్నా" అన్నాను గార్డుతో.

ఆ కేకలకు వచ్చిన ఆఫీసరు పలకను వెలుగులో పెట్టి చూశాడు. వెంట్రుకంత పగులు! నాకు కుర్చీ వేయించి, పలకల తయారీ గురించి అరగంట అడిగి రాసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సుజాత "పదేండ్ల నుంచి ఆడికి పోతున్నానక్కా, నన్నెవురూ కూర్చోమనలా" అంది.

ఆ గొంతు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ ఆమె ఫోను పెట్టేశాక, మా ఆయనతో నేను మాట్లాడిన గొంతే అది.