తడపని లైనింగ్

టైలరక్కకు తల ప్రాణం తోకకొచ్చింది. వీడియోల్లో కుట్టు నేర్పితే వేలమంది నమ్ముతారు గానీ, సొంత వదినను మాత్రం నమ్మించలేకపోతోంది.

"వదినా, మొత్తుకుంటున్నా కదా! కాటన్ లైనింగ్ తడిపి ఆరేశాకే కత్తెర పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుక్కే లోపలి గుడ్డ కుంచించుకుపోతుంది, గౌనంతా ముడతలే!"

వదిన వింటేగా! ఆమెకు తొలిసారి దొరికిన పెద్ద పని అది, బడి పిల్లలకు ముప్పై గౌన్లు. ఇవి పాడైతే ఆ బడివాళ్ళు మళ్ళీ గడప తొక్కనివ్వరు. బల్ల మీద లైనింగ్ పరిచి, సుద్దతో గీతలు కూడా గీసేసింది. ఫోన్ ముందుకు తోసింది.

"ఇదుగో వీడియోలు, పదకొండు మంది తడపక్కర్లేదన్నారు. ఇంతమందికీ తెలియంది నీ ఒక్కదానికే తెలుసా?"

టైలరక్క ఒక్కొక్కటే చూసింది. చూస్తున్నకొద్దీ ఒళ్ళు మండింది. మొహాలు వేరు, మాట ఒక్కటే: "ఇప్పటి గుడ్డ మిల్లులోనే తడిసి వస్తుంది, నా మాట నమ్మండి." గొర్రెల మంద! ఒక్కరైనా మూరెడు గుడ్డ నీళ్ళలో ముంచి, ఆరాక కొలిచి చూశారా?

ఆ మాట రెండేళ్ళ కిందట తనదే. వారానికి రెండు వీడియోలు పెట్టాలన్న తొందరలో, ఎవరో గుడ్డల కొట్టాయన అన్నది అన్నట్టే అప్పజెప్పింది. నెల తిరక్కుండా తన జాకెట్టే బిగుసుకుపోయింది. చప్పుడు చేయకుండా ఆ వీడియో తీసేసి, తడపమంటూ ఇంకోటి పెట్టింది. దాని కింద ఇప్పటికీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు: "అందరికీ అడ్డంగా మాట్లాడితే పేరొస్తుందనా?"

వదిన కత్తెర చేతిలోకి తీసుకుంది.

"ఆగు వదినా! ఆ మాట మొదట అన్నది నేనే. తప్పు చెప్పాను. వీళ్ళంతా నన్ను చూసి చెప్పినవాళ్ళే."

వదిన కత్తెర పక్కన పెట్టి, లైనింగంతా చుట్టి బకెట్లో పడేసి, పంపు విప్పింది.

"మరి రెండేళ్ళుగా ఎందుకు దాచావమ్మా?"

"పరువు పోతుందని."

"నేనంటే మీ వదినను కాబట్టి పరిగెత్తుకొచ్చి చెప్పావు. మిగతావాళ్ళ గుడ్డలకు ఎవరు దిక్కు?"

టైలరక్కకు ఇక తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. వదిన ఫోనునే గోడకు ఆనించి, జుట్టయినా సరిచేసుకోకుండా రికార్డు నొక్కింది.